టమాటా మడిలో జారిన మాట

మిషన్ మావయ్య అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన వృత్తి. చక్రం ఒకసారి తిప్పి, చెవి కాస్త అటు పెట్టి, "దీనికి షటిల్ అరిగిందమ్మా, పాపం సూదిని తిట్టకండి" అని ఇట్టే చెప్పేసేవాడు. వీధి మొగలో షట్టరు గది, లోపల ఒక బల్ల, దాని మీద విప్పదీసిన మిషన్ల తలకాయలు, మేకులకి వేలాడే బెల్టులు, మూత సరిగ్గా పట్టని నూనె డబ్బా. ఆయన గోళ్ళ సందుల్లో నలుపు ఆదివారం కూడా పోయేది కాదు.

అయితే ఆయన ఛాతీ ఉబ్బేది మిషన్ల గురించి ఎవరైనా పొగిడినప్పుడు కాదు, టమాటాల గురించి పొగిడినప్పుడు. ఇంటి వెనక గోడకీ గోడకీ మధ్య చిన్న పెరడు. చలి తగ్గడం మొదలవగానే పాత డబ్బాల్లో నారు పోసేవాడు. మొక్క జానెడు ఎదిగాక మడిలోకి మార్చి, పక్కన ఊతకర్ర పాతి, దర్జీల దగ్గర తెచ్చుకున్న గుడ్డపేలికలతో మెత్తగా కట్టేవాడు. కొమ్మల చంకల్లో మొలిచే పిలకలు గిల్లేయడం, నేలకి ఆనుతున్న ఆకులు తుంచేయడం, మొదళ్ళ దగ్గర ఎండుగడ్డి పరచడం, ఇదంతా పొద్దున షాపుకి వెళ్ళేముందు ఆయన చేసుకునే పని. ఇంట్లోవాళ్ళ జ్వరాలు మర్చిపోయేవాడేమో గాని, ఏ మొక్కకి ఎప్పుడు పూత వచ్చిందో మర్చిపోయేవాడు కాదు. "మా ఆయనకి నా పుట్టినరోజు గుర్తుండాలంటే నేనూ కాయ కాయాలి" అని భార్య నవ్వుతూనే అనేది. తొలి కాపు రాగానే గిన్నెలో పెట్టుకుని ఇంటింటికీ పంచడం ఆవిడ వంతు. తీసుకున్నవాళ్ళు ఏమన్నారో మాట పొల్లుపోకుండా వచ్చి చెప్పడం కూడా ఆవిడ వంతే. ఆయన విననట్టు నటిస్తూ మొత్తం వినేవాడు.

ఈ సంగతి జరిగేనాటికి ఆ ఇంటికి వదిన వచ్చి ఏడాది కాలేదు. వదినంటే ఆయన అన్నగారి భార్య. అన్నగారు నడుము కింద చచ్చుబడి చాలాకాలం మంచంలోనే ఉండి చనిపోయాడు. అంతకాలమూ ఆయన్ని తిప్పి పడుకోబెట్టడం, ఒళ్ళు తుడవడం, గొంతు దిగేంత మెత్తగా అన్నం పిసికి పెట్టడం, అన్నీ వదినే. ఒక్కగానొక్క కూతురు ఉద్యోగం చేసే ఊరికి రమ్మంది కానీ, ఆ ఇరుకు గదిలో దానికి భారం కాలేనంది ఆవిడ. "మా ఇంటికి రా వదినా" అని మావయ్యే వెళ్ళి తీసుకొచ్చాడు. వీధివైపు గది ఖాళీ చేసి ఇచ్చాడు.

ఆవిడ ఆ ఇంటి కోడలుగా వచ్చేనాటికి మావయ్య నిక్కర్లు వేసుకునే కుర్రాడు. అందుకే జుట్టు నెరిసినా ఆవిడకి ఆయన "ఏరా చిన్నోడా"నే. ఆ పిలుపు షాపులో కస్టమర్ల ముందు వినిపిస్తే ఆయన సిగ్గుపడేవాడు, కాని లోలోపల ఇష్టమే.

ఆ ఏడాది టమాటాలు కాయ ముదురుతుండగా పొరుగూరి నుంచి పిలుపు వచ్చింది. ఎవరో కొత్తగా రెడీమేడ్ బట్టల కార్ఖానా పెడుతున్నారు, పాత మిషన్లు కుప్పగా కొన్నారు, అన్నీ బిగించి నడిపించి ఇవ్వాలి. వారం పైనే పడుతుంది. భార్యకి మోకాళ్ళ నొప్పులు, పెరటి మెట్లు దిగలేదు. మొక్కల పని వదినకి అప్పజెప్పాడు. ఆటో గుమ్మం ముందు ఆగి ఉంది, డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. పనిముట్ల సంచి భుజానికి వేసుకుంటుంటే వదిన అడిగింది.

"ఏరా చిన్నోడా, నీళ్ళు మొదళ్ళలో పొయ్యాలా, పైపు పెట్టి పైనుంచి కొట్టొచ్చా?"

"ఎలా పోసినా నీళ్ళే కదా వదినా! తడిస్తే చాలు" అని ఆటో ఎక్కేశాడు.

తిరిగొచ్చింది శనివారం పొద్దుపోయాక. పెరట్లోకి వెళ్ళే ఓపిక లేక పడుకున్నాడు. మర్నాడు ఉదయానికి మరదలూ తోడల్లుడూ దిగారు. వాళ్ళని టమాటాలు తినడానికి రమ్మని ఫోన్లో ఊరించింది ఆయనే. కాఫీలు కాగానే, "రండి, మా తోట చూద్దురుగాని" అంటూ అందరినీ వెంటేసుకుని పెరట్లోకి నడిచాడు. భార్య మెట్ల మీద కూర్చుంది. పక్కింటి డ్రాయింగు మాస్టారు రోజూలాగే తనవైపు స్టూలెక్కి గోడ మీద మోచేతులు ఆనించి ఉన్నాడు.

వదిన పైపు పట్టుకుని మొక్కల నెత్తిన నీళ్ళు కొడుతోంది. ఆకులన్నీ చినుకులు పడ్డట్టు మెరుస్తున్నాయి. దగ్గరికెళ్తే కనిపించింది. కింది ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు. ప్రతి మచ్చలోనూ వలయంలో వలయం, చుట్టూ పసుపు. చివరి వరసలో, ఎరువు గుంట పక్కనున్న మొక్కలైతే నడుము దాకా మాడిపోయి, ఆకులు చుట్టుకుపోయి వేలాడుతున్నాయి. కాయలకి తొడిమ దగ్గర నల్లగా కుంగిన మచ్చలు. ఆకుమాడు తెగులు. ఆయనకి పేరు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"ఇవేనా బావా, ఫోన్లో చెప్పిన టమాటాలు? మా వీధి బండి మీదవే నయం!" అని మరదలు ఆట పట్టించింది. తోడల్లుడు పకపకా నవ్వాడు. మాస్టారు కూడా నవ్వాడు.

మావయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరు కొట్టమన్నారు నిన్ను పైనుంచి? ఆకులు తడిస్తే తెగులు రాదా? ఆ మాత్రం తెలీదా? పచ్చగా ఉన్నవాటిని అప్పజెప్పి వెళ్తే ఇలా చేసి పెడతావా?" అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "అయినా నీ చేతిలో పడ్డదేదీ బతకదు వదినా!"

మాట బయటికి వచ్చాక అది ఎంత దూరం వెళ్ళిందో అక్కడున్న అందరికీ ఒక్కసారే అర్థమైంది. తోడల్లుడి నవ్వు సగంలో ఆగిపోయింది. మాస్టారు ఏదో పని గుర్తొచ్చినట్టు స్టూలు దిగిపోయాడు. మెట్ల మీంచి భార్య "ఏమండీ!" అంది.

వదిన ఆయన వంక చూసింది. కోపంగా కాదు, సరిగ్గా విన్నానా అన్నట్టు. వంగి పైపు నేల మీద పెట్టింది. కుళాయి కట్టేసింది. కొంగుకి చేతులు తుడుచుకుని, భార్య పక్కనుంచి మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డించింది వదినే. అందరికీ మామూలుగానే వడ్డించింది. మావయ్య దగ్గరికి వచ్చి, "మీకు ఇంకొంచెం పెట్టమంటారా?" అంది.

'మీకు' అంది. నలభై ఏళ్ళకు పైగా 'ఏరా' అని పిలిచిన మనిషి. ఆయన ఎత్తిన ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. చెంప మీద కొట్టి ఉంటే తుడుచుకుని తినేసేవాడు.

*

చుట్టాలు వెళ్ళిపోయారు. రెండు రోజులు చూశాడు గాని తెగులు తగ్గలేదు. మందు కొట్టే దశ దాటిపోయింది. మడంతా పీకేయక తప్పదని తేలిపోయింది. ఒక ఉదయం షాపు తెరవకుండా, పంచె ఎగ్గట్టి పెరట్లోకి దిగాడు. మొక్కల్ని వేళ్ళతో సహా పెకలించి సంచుల్లో కుక్కాడు. అంత పచ్చికాయ పారేసేముందు ఒక్కో గుత్తీ తిప్పి తిప్పి చూశాడు. ఆ బాధలో వదిన మీద మిగిలిన కోపం కూడా కాస్త ఉంది. 'మాట కొంచెం పెద్దదే అన్నాను, కాని తప్పెవరిది?' అని తనకి తాను సర్ది చెప్పుకుంటూ పీకుతున్నాడు.

చివరి వరస పీకాక ఎరువు గుంట కూడా తిరగేద్దామని పార అందుకున్నాడు. పైన ఆకులూ అలములూ తీస్తే, కింద సగం కుళ్ళి సగం కుళ్ళని తీగలు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. లాగాడు. టమాటా తీగలు. వాటికి ఎర్రటి గుడ్డపేలికలు ఇంకా కట్టే ఉన్నాయి. ఆ ముడి ఆయనదే. ఆ వీధిలో ఇంకెవరూ ముడి అలా వెయ్యరు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని చెప్పడం కన్నా, ఇన్నాళ్ళూ ఎటో తిప్పుకున్న ముఖం ఇటు తిప్పక తప్పలేదని చెప్పడం నిజం. కిందటి కాపు చివర్లో ఆ మూల మొక్కల మీద ఇవే మచ్చలు చూశాడు. "తెగులు మొక్కలు గుంటలో వెయ్యకండి, చెత్తబండికి ఇచ్చేయండి" అని మాస్టారు గోడ మీంచి చెప్పాడు కూడా. ఆ రోజు నడుం పట్టేసింది. చెత్తబండి వీధి చివర ఆగుతుంది. ఎవరు మోస్తారని గుంటలో తోసేసి పైన ఆకులు కప్పేశాడు. చలి పోగానే ఆ మాగని ఎరువే తీసి, మొదట ఆ చివరి వరసకే వేశాడు. ఊతకర్రలు కడగను కూడా కడగలేదు, పాతవే తెచ్చి పాతేశాడు. తెగులు మొదలైంది ఆ వరసలోనే. పైపు నీళ్ళు అంతదూరం సరిగ్గా అందవు కూడా.

పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చెవులు వేడెక్కాయి.

సరిగ్గా అప్పుడే వదిన తడిబట్టల బకెట్టుతో మెట్లు దిగింది. ఆవిడని చూడగానే మావయ్య ఒక పని చేశాడు. ఆలోచించి చేసింది కాదు. చేతిలో తీగ కింద పడేసి, పైన కాలు వేశాడు. ఎర్ర పేలిక కనబడకుండా మట్టి దాని మీదకి నెట్టాడు.

"గుంట తిరగేస్తున్నారా?" అంది వదిన, దండెం మీద బట్టలు ఆరేస్తూ.

"ఆఁ. ఏం లేదు. పాత చెత్త."

"అలాగాండీ."

బట్టలు ఆరేసి ఆవిడ వెళ్ళిపోయేదాకా ఆయన ఆ కాలు తీయలేదు. చిన్నప్పుడు పలక పగలగొట్టి మంచం కింద దాచినప్పుడు కూడా ఇంత నీచంగా అనిపించలేదు. అరవై దగ్గర పడుతున్న మనిషి, మనవల వయసు పిల్లలు మావయ్యా అని పిలిచే మనిషి, ఓ కుళ్ళిన తీగని ఓ ఆడమనిషికి కనబడకుండా కాలితో తొక్కిపెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

భార్యతో చెప్పుకున్నాడు. ఆవిడ అంతా విని, మొగుడి మీద జాలి కొద్దీ ఓ దారి చూపించబోయింది.

"పోనీ లెండి, నీళ్ళు పైనుంచి కొట్టడం వల్ల కూడా ముదిరి ఉంటుంది. అంతా మీ తప్పే ఎలా అవుతుంది?"

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క క్షణం ఆ మాట పట్టుకుని వేలాడదామనుకున్నాడు. అంతలో హారన్ చప్పుడు, ఆటో, సంచి బరువు, 'ఎలా పోసినా నీళ్ళే కదా' అన్న తన గొంతే వినిపించాయి.

"అలా కొట్టమన్నదీ నేనే" అన్నాడు. "అడిగింది పాపం. అడిగే పోసింది."

"అయితే నాతో చెప్తారేం? వెళ్ళి ఆవిడతో చెప్పండి."

చెప్పడం అంత తేలికైతే ఇంకేం. మూడుసార్లు వీధి గది గుమ్మం దాకా వెళ్ళి, "పేపరు వచ్చిందా?" అనో, "ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా?" అనో అడిగి వెనక్కొచ్చాడు. షాపులో కూర్చున్నా చెయ్యి ఆడలేదు. ఒకావిడ మిషనుకి బెల్టు తిరగేసి బిగించి పంపేశాడు. ఆవిడ మళ్ళీ మోసుకొచ్చి, "ఏంటి మావయ్యా, చక్రం తిరుగుతోంది గాని గుడ్డ నడవట్లేదు!" అంటే కుక్కిన పేనులా కూర్చుని మళ్ళీ విప్పాడు. ఈలోగా ఊతకర్రలన్నీ బ్లీచింగు నీళ్ళతో రుద్ది కడిగాడు. గుంట అడుగుదాకా తవ్వి, సంచులకెత్తి, వీధి చివరిదాకా మోసి చెత్తబండిలో వేశాడు. ఆ సంచులు కిందటేడు మోసి ఉంటే సరిపోయేది. మోస్తున్నంతసేపూ అదే అనుకున్నాడు.

చివరికి ఒకరోజు పదిగంటలప్పుడు, వదిన వంటింట్లో పీట మీద కూర్చుని బీన్సుకి ఈనెలు తీస్తుంటే, వెళ్ళి ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"వదినా, మొక్కలు పోయింది నీ వల్ల కాదు. కిందటేడు తెగులు తీగలు నేనే గుంటలో వేశాను. ఆ ఎరువే మళ్ళీ మడికి వేశాను. కర్రలు కూడా కడగలేదు. ఆ తెగులు పాత ఆకుల్లోనే దాక్కుని ఉంటుంది, మట్టి మీంచి ఎగిరి కింది ఆకులకి..."

"టమాటాల సంగతి చెప్పడానికి వచ్చారా?" అంది వదిన తలెత్తకుండా.

పొద్దుట్నుంచీ ఆయన మననం చేసుకున్నదంతా టమాటాల సంగతే అని అప్పుడు తెలిసింది.

"కాదు" అన్నాడు. "ఆ రోజు అన్న మాట గురించి. అది నేను అనకూడదు. అన్నయ్యని నువ్వు చూసుకున్నట్టు ఎవరూ చూసుకోరు. నాకు తెలుసు. తెలిసీ అన్నాను."

వదిన చేతిలో బీన్సు కాయ కిందపెట్టింది.

"నలుగురిలో అన్నావు. ఎవరూ లేకుండా చూసి వంటింట్లో చెప్తున్నావేంరా?"

ఆ 'రా' వినగానే ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిడుతున్నందుకు సంతోషించాలో, తిట్టించుకుంటున్నందుకు సిగ్గుపడాలో తెలియలేదు.

"నేను బతికించలేకపోయానని రోజూ అనుకుంటూనే ఉన్నాను" అంది వదిన. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇంకోలా చేసుంటే ఇంకొన్నాళ్ళు ఉండేవారేమో, ఇంకో డాక్టరుకి చూపించి ఉంటేనో అని. అది నాకూ నాకూ మధ్య ఉన్న మాట. ఇంకెవరూ అలా అనుకోవట్లేదులే అని ధైర్యంగా ఉండేదాన్ని. నువ్వన్నాక, ఓహో, వీళ్ళందరి మనసులో కూడా ఇదే ఉందన్నమాట అనిపించింది."

"ఎవరి మనసులోనూ లేదు వదినా."

"నీకెలా తెలుసు? నువ్వు వచ్చి చూస్తేగా!"

ఆ దెబ్బ ఆయన ఊహించనిది. నిజమే. అన్నయ్య మంచంలో ఉన్నంతకాలం ఆయన వెళ్ళింది తక్కువ. షాపు, పని, తీరిక లేదు అనేవాడు. అసలు సంగతి ఆ గదిలో మందుల వాసన, అన్నయ్య సన్నబడ్డ కాళ్ళు చూడలేక. వెళ్ళినా గుమ్మంలోనే నిలబడి, టీ తాగి, టైమైపోయిందంటూ వచ్చేసేవాడు. వదిన ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి గమనించలేదనుకున్నాడు.

"భయమేసేది" అన్నాడు. "అన్నయ్యని అలా చూడాలంటే."

"నాకు మాత్రం వెయ్యలేదా?" అంది వదిన. మళ్ళీ బీన్సు అందుకుంది. "వెళ్ళు. షాపు తెరువు."

*

ఆ సాయంత్రం మావయ్య తనే స్టూలు తెచ్చి వేసుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. మాస్టారు కుండీలకి నీళ్ళు పోస్తున్నాడు.

"మాస్టారూ, ఆ ఆదివారం మా వదినని నేనన్న మాట తప్పండీ. మొక్కలకి తెగులు తెచ్చింది నేనే. మీరు చెప్పినా వినకుండా గుంటలో వేశాను."

"అదా! మీ మొక్కలు చూశాక నా కుండీల్లోవి కూడా చూసుకున్నాను లెండి. ఇంతకీ ఏ మాట?"

మర్చిపోయాడో, మర్చిపోయినట్టు ఉన్నాడో తెలియదు. వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ అనక తప్పలేదు. "నీ చేతిలో పడ్డదేదీ బతకదు అన్నాను" అన్నాడు మావయ్య. కోపంలో ఒక్క ఊపులో వచ్చిన మాట ఇప్పుడు ఒక్కో ముక్కా నోట్లోంచి పీక్కోవాల్సి వచ్చింది. వీధి గది కిటికీ తెరిచే ఉంది. ఆయన గొంతు తగ్గించలేదు.

మాస్టారు మగ్గు పక్కన పెట్టాడు. "గుర్తుంది. మా ఇంట్లో కూడా అనుకున్నాం, అంత మాట ఎందుకన్నాడా అని. చెప్తాను మా ఆవిడకి."

మా ఇంట్లో కూడా అనుకున్నాం. అంటే గోడ దాటి, ఆ వంటింటి దాకా వెళ్ళిందన్నమాట. ఇంకా ఎన్ని వంటిళ్ళకి వెళ్ళిందో! మావయ్య స్టూలు దిగి ఫోన్ కోసం లోపలికి నడిచాడు.

మరదలికి ఫోన్ చేశాడు. ఆవిడ విని ఏడ్చినంత పని చేసింది, "నేను ఆట పట్టించకపోతే నువ్వు అనేవాడివి కాదు బావా" అంది. "నీదేం లేదమ్మా" అన్నాడు. తోడల్లుడు ఫోన్ అందుకుని, "ఇంత చిన్నదానికి పనిగట్టుకుని ఫోనా! ఇళ్ళల్లో సవాలక్ష అనుకుంటాం" అని నవ్వేశాడు. ఆ నవ్వు మాస్టారి మాటకన్నా ఎక్కువ గుచ్చుకుంది. చిన్నది కాదు అని చెప్పబోయాడు గాని, అవతల పెట్టేశారు.

వదిన మర్నాటి నుంచి మళ్ళీ 'ఏరా' అనే పిలిచింది. ఆ పిలుపు వచ్చింది గాని, 'చిన్నోడా' అన్నది మాత్రం వెంటనే రాలేదు. ఆయన కూడా ఎదురుచూడటం తప్పనుకున్నాడు.

ఆ మట్టిలో రెండేళ్ళు టమాటా వెయ్యలేదు, బంగాళాదుంప గాని వంగ గాని వెయ్యలేదు. బీన్సు, పాలకూర, క్యాబేజీ వేశాడు. ప్రతి కాపు అయిపోగానే ఎండు ఆకు ఒక్కటి మిగలకుండా ఊడ్చి, మచ్చ ఉన్నదల్లా సంచిలో కట్టి తనే మోసుకెళ్ళేవాడు. నడుం పట్టేసిన రోజు కూడా మోశాడు. "ఈసారి టమాటాల్లేవా మావయ్యా?" అని వీధిలో ఎవరైనా అడిగితే, వానలనో ఎండలనో అనేసే వీలున్నా, "నా నిర్లక్ష్యం వల్ల పోయాయి" అనే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. అది తగ్గుతుందని మొదట్లో అనుకున్నాడు. తగ్గలేదు.

అన్నయ్య పోయిన రోజు వచ్చినప్పుడు వదిన గదిలోకి వెళ్ళి గుమ్మంలో కాకుండా లోపల కుర్చీలో కూర్చున్నాడు. చివరి రోజుల గురించి అడిగాడు. వదిన చెప్పింది. వినడం కష్టమైంది. కానీ టైమైపోయిందని లేవలేదు.

మూడో ఏడు మళ్ళీ టమాటా వేశాడు, రెండో గోడ పక్కన, కొత్త మట్టిలో, మొక్కకీ మొక్కకీ మధ్య మనిషి నడిచేంత ఎడంగా. బాగా కాశాయి. భార్య గిన్నెతో ఇంటింటికీ తిరిగొచ్చి, ఎవరేమన్నారో చెప్పబోతే, "ఇప్పుడెందుకులే" అని లోపలికి వెళ్ళిపోయాడు.

వదిన ఆ టమాటాలు తింటుంది. బాగున్నాయని మాత్రం ఇంతవరకూ అనలేదు. ఆయన అడగనూ లేదు.